నోటిమాటతో ఇచ్చిన తోట

జూకోవిత్స,
ఏప్రిల్ 11

గోయ్కో,

తమ్ముడూ అని మొదలుపెట్టడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ సదుపాయం లేదు. కూర్చుని చివరిదాకా చదువు.

నిన్న వార్తల్లో నిన్ను చూశాం. నీలం కోటు, మెడలో టై, కింద పర్యాటక శాఖ సలహాదారు అని అక్షరాలు. మీ బావ ష్పీరో "మీ తమ్ముడే, మీ తమ్ముడే!" అంటూ సౌండు పెంచాడు. అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? "ఇంటి నుంచే కార్ల డిక్కీల్లో టమాటాలు మోసుకొచ్చే అతిథులతో ఈ దేశం బాగుపడదు. తక్కువమంది రావాలి, ఎక్కువ ఖర్చు పెట్టాలి." ప్రశ్నలడిగే పిల్ల కిసుక్కున నవ్వింది. నువ్వూ నవ్వావు. బావ సౌండు తగ్గించేశాడు.

ఆ టమాటాల వాళ్ళెవరో నేను చెప్పనా? జూన్ వచ్చిందంటే మన నలుగురం మంచాలు వాళ్ళకి అద్దెకిచ్చేసి కింద నేలమాళిగలో పడుకునేవాళ్ళం. సారా పీపాలకీ వలల కట్టలకీ మధ్య నీకొక పరుపు ముక్క. నీ మంచం మీద చాచక్ నుంచి వచ్చిన ఇంజనీరు గురక పెడుతున్నాడని నువ్వు ఏడిస్తే, అమ్మ ఏమందో మర్చిపోయావా? "ఏడవకురా, ఆ గురకే నీకు పుస్తకాలు కొంటుంది" అంది. కొన్నది కూడా. నువ్వు బెల్‌గ్రేడ్‌లో చదివిన నాలుగేళ్ళూ ఆ మంచాల మీదే గడిచాయి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను కానీ, టీవీలో కూర్చుని నవ్వుతూ తగలేసేవాణ్ణి నిన్నే చూశాను.

ఇంకో సంగతి. కింద రేవులో గులకరాళ్ళ మీద ఎవరో ఇనప గుంజలు పాతిపోయారు. మునిసిపాలిటీలో అడిగితే "మాకు తెలీదు, పైవాళ్ళని అడగండి" అన్నారు. పైవాళ్ళలో నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. అందుకని అడుగుతున్నాను. ఏమిటవి?

మిలోసవ

*

పొద్గోరిత్స,
ఏప్రిల్ 29

ప్రియమైన అక్కకి,

తిట్టేటప్పుడు నీ దస్తూరీ ఎంత ముద్దొస్తుందో! మామూలు ఉత్తరాల్లో ఇంత గుండ్రంగా రాయవు.

టమాటాల మాట నేను అనకుండా ఉండాల్సింది, ఒప్పుకుంటాను. ఆఫీసులో అందరూ అనే మాట, నోటికొచ్చేసింది. కానీ అక్కా, కోపం కాస్త పక్కనపెట్టి ఆగస్టు నెల గుర్తుచేసుకో. అతిథులంతా స్నానాలు చేశాక, ట్యాంకులో అడుగూబొడుగూ మిగిలితే నువ్వు చెంబుతో ఒళ్ళు తడుపుకుంటావు. వుకాలె బాబాయ్ ఇల్లు ఐదో అంతస్తు లేచింది. ఆ ఐదంతస్తుల మురుగూ ఎక్కడికి పోతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కిందటేడు మీ ఇంటికొచ్చి ఈదుతుంటే నా పక్కన ఏం తేలుతూ వచ్చిందో నీకు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. పదిమంది పెట్టే ఖర్చు ఒక్కడే పెడితే ఒక్క మరుగుదొడ్డి చాలు. పెద్ద పెద్ద మాటలు తీసేస్తే మా ప్రణాళిక అంతా ఇంతే.

మనది అరచేతంత దేశం. ఉన్నది కాస్త తీరం. దాన్ని ఇలాగే సిమెంటుతో కప్పుకుంటూ పోతే రేపు ఉన్నవాడూ రాడు, లేనివాడూ రాడు. నీకు ఏటా చాచక్ నుంచి మీ ఇంట్లో దిగే రాద్మీల గురించి బెంగ. నాకు రాద్మీల మనవల గురించి కూడా ఉంది.

గుంజలంటావా, ఏదో కొలతల పనై ఉంటుంది. కనుక్కుంటాను.

ఒక చిన్న పని. నాన్న ఆలివ్ తోట ఇంకా ఆయన పేరు మీదే ఉందిట. నా నిర్లక్ష్యమే. వీలు చూసుకుని ఒకసారి బుద్వా వచ్చావంటే నోటరీ దగ్గర ఐదు నిమిషాల పని, ఒక్క సంతకం. తర్వాత చేపల భోజనం నా లెక్క. బావని కూడా తీసుకురా, ఆయన తిండికి నేను భయపడను.

నీ తమ్ముడు
గోయ్కో

*

జూకోవిత్స,
జూన్ 8

గోయ్కో,

నీ ఐదు నిమిషాల సంతకం కథ తెలిసింది. నీ నోటితో కాదులే.

ముందు రేవు సంగతి విను. రాద్మీల వచ్చింది. ఎప్పట్లాగే జూన్ మొదటి వారంలో, ఎప్పట్లాగే చాచక్ నుంచి ఊరగాయ మిరపకాయల జాడీలతో. ఈసారి మోకాళ్ళు మరీ పాడయ్యాయి, డాక్టరు ఉప్పునీళ్ళలో నానమన్నాడు. పొద్దున్నే మన తోటలోంచి మెల్లగా రేవుకి దిగి తువ్వాలు పరిచిందట. తెల్లచొక్కా కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చాడు.

"బామ్మగారూ, ఇక్కడ తువ్వాళ్ళు పరవకూడదండి. కుర్చీ అద్దెకి తీసుకోండి, లేదంటే అదిగో, ఆ బండల వైపు వెళ్ళండి."

"ఆ బండల మీద కూర్చునే నడుమే ఉంటే డాక్టరు నన్ను ఇంత దూరం ఎందుకు పంపుతాడు నాయనా?"

"నాకు తెలీదండి. రూలండి."

రాద్మీల ఏడుస్తూ పైకొచ్చింది. ముప్పై ఏళ్ళుగా నన్ను "వదినా" అని పిలిచిన మనిషి, "మేం ఇంకెక్కడికైనా పోతాంలే వదినా, నీకు మాట రాకూడదు" అంది. నేను వంటింటి ఆప్రాన్‌తోనే కిందికి దిగాను. ఆ గుంజల మధ్య తాడు కట్టేశారు. తాడు లోపల నలభై తెల్లకుర్చీలు, వాటిలో ముగ్గురు మనుషులు. "ఎవరిదిరా రూలు?" అని అడిగాను. "కంపెనీదండి" అన్నాడు. వాణ్ణి తిట్టి ఏం లాభం, మన పై ఊరి రాడొవాన్ మనవడే.

మర్నాడు ఆ కంపెనీయే నా గుమ్మంలోకొచ్చింది. నలగని సూటు, చేతిలో చాక్లెట్ల పెట్టె. నన్ను మేడమ్ అన్నాడు. "మీ తమ్ముడుగారు తోట మాకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు మేడమ్. మీ వాటా వదులుకుంటున్నట్టు నోటరీ ముందు మీరొక్క మాట చెబితే అంతా సాఫీ. హోటల్ తోట అక్కడే వస్తుంది."

"మరి తోటలోంచి రేవుకి దిగే దారి?"

"మా అతిథులకి ప్రైవసీ కావాలి కదా మేడమ్" అని నవ్వాడు.

గోయ్కో, ఈ ఊరికి సముద్రంలోకి దిగే దారి అదొక్కటే. అది మూస్తే కొండ చుట్టూ, లారీలు తిరిగే రోడ్డు మీద, సొరంగంలోంచి నడిచి వెళ్ళాలి. రాద్మీల వెళుతుందా? పసిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు వెళతారా? మా గదుల్లో ఎవడు దిగుతాడు? కిటికీలోంచి సముద్రాన్ని చూసి మురిసిపొమ్మని అద్దె అడగనా? ఈ ఊళ్ళో గదులిచ్చే ప్రతి ఇంటికీ ఇది తిండి. నా ఇంటికీ తిండే. ఆ సంగతి తెలిసే, చేపల భోజనం ఆశ చూపించి నన్ను పిలిచావు. నేనేమైనా గాలానికి పడే చేపననుకున్నావా?

చాక్లెట్లు తిరిగి పంపేద్దామని చూస్తే బావ అప్పటికే సగం తినేశాడు. కేకలేస్తే "చాక్లెట్లేం తప్పు చేశాయే పాపం" అంటాడు. నా చుట్టూ ఉన్న మగవాళ్ళు ఇలా ఏడిశారు.

మిలోసవ

*

పొద్గోరిత్స,
జూన్ 20

అక్కా,

అవును, అమ్ముతున్నాను. నీకు ముందే చెప్పాల్సింది. చెబితే ఇదిగో, ఇలాగే అరుస్తావని చెప్పలేదు.

కానీ నువ్వు నన్ను దొంగని చేసి మాట్లాడుతున్నావు. ఆ తోట ఎవరిది? నాన్న నలభయ్యో రోజు జ్ఞాపక భోజనంలో చుట్టాలందరి ముందూ నువ్వు లేచి నిలబడి ఏమన్నావో నాకు ఒక్క అక్షరం మరుపు లేదు. "తమ్ముడుండగా ఆడపిల్లకి వాటా ఏమిటి? అంతా వాడిదే" అన్నావు. వుకాలె బాబాయ్ నీ తల మీద చెయ్యి వేశాడు. నేను నీ చేతులు కళ్ళకద్దుకున్నాను. ఆ వారమే నిన్ను నోటరీ దగ్గరకి తీసుకెళ్ళి రాయించుకోమని వకీలు చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? "మా అక్క మాట చాలు. కాగితం అడిగితే నేనేం తమ్ముణ్ణి?" అన్నాను. ఆఫీసులో రోజూ ఇలాంటి కేసులు చూస్తాను. తీరమంతా చచ్చిపోయిన తండ్రుల పేర్ల మీదే ఉంది. అక్కచెల్లెళ్ళని కాగితం అడగడానికి సిగ్గుపడ్డ మూర్ఖులం మేమంతా.

హోటల్ వస్తే మురుగు శుద్ధి చేసే యంత్రం వస్తుంది. చలికాలం కూడా పని ఉంటుంది. ఇది నేను నమ్మి చెబుతున్న మాట, కంపెనీ నేర్పిన మాట కాదు. నాకూ అవసరముంది, దాచను. నా కూతురు పెళ్ళయి మూడేళ్ళయినా అద్దె గదిలోనే ఉంది.

నాన్న ఆస్తి మీద నోటరీ దగ్గర విచారణ సెప్టెంబరు 15న. మన వైపు ఇచ్చిన వాటా వెనక్కి అడిగిన ఆడపిల్లలు ఎంతమంది? నాకు తెలిసి ఒక్క దానిత్స. ఆవిడ పోతే సొంత అన్నదమ్ములు శవం మొయ్యలేదు. ఆ పేరు నీకూ కావాలా? మాట మాటే.

గోయ్కో

*

జూకోవిత్స,
జూలై 27

తమ్ముడూ,

మాట మాటే అన్నావు. సూటిగా తగిలింది. అందుకే ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. నీకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే నా ఊరు మునుగుతుంది. ఊరిని చూసుకుంటే మాట తప్పినదాన్నవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నువ్వు చెప్పినవి అబద్ధాలు కావు. నీళ్ళు నిన్నటి నుంచి లేవు. తోటలో చెట్ల కింద పుచ్చకాయ తొక్కలు, పసిపిల్లల పాడుగుడ్డలు ఏరి ఏరి నడుం పడిపోయింది. ఏరుతూ వాళ్ళందర్నీ నీకంటే ఘోరంగా తిట్టాను. కానీ చెప్పు, వుకాలె బాబాయ్ ఐదో అంతస్తుకి అనుమతి ఇచ్చింది ఎవరు? రాద్మీలా? మురుగు కాలవ వేస్తామని ప్రతి ఎన్నికల ముందూ పునాదిరాయి వేసినంత పని చేసి వెళ్ళింది ఎవరు? చాచక్ ఇంజనీర్లా? కాలవ వెయ్యడం చేతగాక మనుషుల్నే మార్చేస్తామంటున్నారు మీరు. నాకు ఒళ్ళు మండేది అక్కడ.

డబ్బున్న అతిథుల మీద నాకేం పగ లేదు. ఆ తెల్లకుర్చీల్లోంచి ఒకావిడ మొన్న దారి పట్టుకుని పైకొచ్చింది, చేపలు వేగే వాసనకి. ఏ దేశమో, ఆవిడ మాట నాకు తెలీదు, నా మాట ఆవిడకి తెలీదు. రాద్మీల పక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ ఒకే పెనంలో వేయించి పెట్టాను. ముళ్ళతో సహా తినేసింది. అలాంటివాళ్ళు వంద మంది రానీ, పెనం పెద్దది కొంటాను. వాళ్ళు రావాలంటే రాద్మీల పోవాలని ఎవరు చెప్పారు మీకు?

ఊళ్ళో తమాషా విను. వుకాలె బాబాయ్ ఒక బుట్టెడు చేపలు తెచ్చాడు. "అమ్మాయ్, మాట మాటే. కానీ దారి దారే కదా" అన్నాడు.

"దానిత్స శవం లేచిన రోజు నువ్వు గుమ్మం దాటి రాలేదు కదా బాబాయ్?" అన్నాను.

"అది అప్పుడు. అప్పుడు హోటలెక్కడ ఏడిసింది?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేపలు మాత్రం తీసుకున్నాను.

ఇక నా ఆలోచన. నేను మాట ఎవరికిచ్చాను? నీకు. ఎందుకిచ్చాను? నాన్న తోటలో మన వాళ్ళ పేరు నిలవాలని. ఆడపిల్ల ఎప్పుడొచ్చినా ఆ గేటు తీసే ఉంటుందని. నువ్వు ఉంచుకున్నంతకాలం ఆ తోట నీదే, నా మాటా అంతే. నీ చేతిలోంచి దాటిపోయి నా మొహాన్నే గేటు వేసే కంపెనీకి నేనేం ఇవ్వలేదు.

అయినా నీ కూతురి గురించి ఆలోచించాను. ఒక పని చెయ్యి. తోటలో పై మళ్ళు అమ్ముకో. ఇల్లు కొనిపెట్టు దానికి. కింది మళ్ళూ, వాటి మీదుగా పోయే దారీ వదిలెయ్యి. అలాగైతే సెప్టెంబరులో కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, నా వాటా వద్దని నవ్వుతూ చెబుతాను. నీ భోజనం కూడా తింటాను.

అక్క

*

పొద్గోరిత్స,
ఆగస్టు 19

మిలోసవకి,

అడిగాను. ఒప్పుకోలేదు. దారి కూడా తమ చేతికి రాకుండా వాళ్ళకి తోట అక్కర్లేదట. "ఊరు ఊరంతా తువ్వాళ్ళేసుకుని మా గెస్టుల నడుమ నుంచి దిగుతుంటే ఎలాగండీ" అన్నారు.

ఆఫీసులో నవ్వుకుంటున్నారు. దేశం తీరానికంతా ప్రణాళిక రాసినవాడు సొంత అక్కకి నచ్చచెప్పలేకపోయాడట. రాసిన కాగితాలన్నీ నా బల్ల మీదే ఉన్నాయి, వాటి వంక చూడబుద్ధి కావడం లేదు.

ఇంక వాదించను. పదిహేనో తారీఖున వచ్చి నలుగురి ముందు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే నువ్వు నా అక్కవి. కాదంటే నాకు అక్క లేదు.

గోయ్కో

*

జూకోవిత్స,
నవంబరు 16

గోయ్కో,

నువ్వు జవాబు రాయవని తెలుసు. అయినా రాస్తున్నాను. నువ్వు అక్క లేదన్నావు కానీ, నేను తమ్ముడు లేడనలేదు.

ఆ రోజు నోటరీ గదిలో నువ్వు నా వైపు చూడలేదు. నోటరీ ఆవిడ "తండ్రి ఆస్తిలో మీ వాటా తీసుకుంటారా, వదులుకుంటారా?" అని అడిగింది. "తీసుకుంటాను" అన్నాను. వినపడలేదంది. మళ్ళీ చెప్పించింది. రెండోసారి గట్టిగా చెప్పాను. నువ్వు కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్ళిపోయావు. బావ మంచినీళ్ళు తెచ్చేదాకా నేను మెట్ల మీదే కూర్చున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అంత సులువుగా చెప్పాననుకుంటావేమోనని చెబుతున్నాను.

కంపెనీ గుంజలు పీక్కుని పోయింది. పక్క కొండ అవతల ఇంకో తోట చూస్తున్నారట. అక్కడా ఎవడో తమ్ముడుంటాడు, ఎవరో అక్క ఉంటుంది.

ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది. ఎంతసేపు? వారం తిరగకుండా వుకాలె బాబాయ్ వచ్చాడు. "అమ్మాయ్, ఇప్పుడు నీ వాటా నీకొచ్చింది కదా, ఆ కింది మడి చదును చేస్తే ఇరవై కార్లు పడతాయి. టికెట్టు పెడదాం, సగం సగం" అన్నాడు. పెద్దవాడని కూడా చూడలేదు, చీపురు తీశాను. దారి కాళ్ళతో నడిచేవాళ్ళకి మాత్రమే అని దాని మొదట్లోనే బండరాళ్ళు దొర్లించి పెట్టించాను. ప్రతి సోమవారం మునిసిపాలిటీకి వెళ్ళి మురుగు కాలవ ఏదని అడిగి వస్తున్నాను. నన్ను చూడగానే అక్కడి గుమాస్తాకి టీ తాగే పని పడుతుంది. ఐదో అంతస్తుల గురించి కూడా అడగడం మొదలుపెట్టాక ఊళ్ళో నా నెత్తి మీద కిరీటం దిగిపోయింది. ఇప్పుడు మీకూ చెడ్డే, వీళ్ళకీ చెడ్డే.

ఒక్క మాట నన్ను తినేస్తోంది, అది నీకు తప్ప ఎవరికి చెప్పను? ఈ ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు నన్ను మాట తప్పినదాన్నని అనలేదు. మంచి పని చేశావన్నారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. దానిత్సని ఎందుకు వెలేశారు మరి? ఆవిడకి మొగుడు పోయాడు, పిల్లలున్నారు, తనది తాను అడిగింది. నేను కూడా అందరితో పాటు మొహం తిప్పుకున్నాను, అప్పటికి నాకు పెళ్ళీడు. ఆవిడ వాటా మీదుగా ఎవరి గదులకీ దారి లేదు. ఆవిడ చేసిన తప్పు అంతే. మొన్న ఆ సమాధి దగ్గరకి వెళ్ళాను. గడ్డి నడుం దాకా ఉంది. కోసి వచ్చాను.

నువ్వు ఒక్కడివే నన్ను మాట తప్పినదాన్నన్నావు. ఎన్నిసార్లు ఆలోచించినా, అనే హక్కు ఉన్నవాడివి నువ్వొక్కడివే అనిపిస్తుంది. అయినా ఆ గదిలో మళ్ళీ నిలబెట్టి అడిగితే అదే చెబుతాను. క్షమించమని అడగను. నాకు సగం తోట దక్కింది. తమ్ముడు సగం కూడా మిగల్లేదు.

ఆలివ్ కాయలు దిగుతున్నాయి. కొలతలు ఇంకా వెయ్యలేదు కనక, రాతిగోడకి ఇవతలివి నావి, అవతలివి నీవి అనుకున్నాను. నా వైపు బావా నేనూ వలలు పరిచి దులుపుతున్నాం. నీ వైపు పరవలేదు. పరవను. నీ వాటా ముట్టుకుంటే నువ్వు అన్న మాట నిజమైపోతుంది. కాయలు రాలి నేల మీద నల్లబడుతున్నాయి, వాన పడితే కుళ్ళిపోతాయి. ఆ గోడ పక్కనే పొద్దస్తమానం పని చేస్తూ వాటిని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

వచ్చి ఏరుకో. నాతో మాట్లాడకపోయినా సరే.

అక్క